కొత్త ఆయిల్ పామ్ తోట వేయకముందే: భూమినీ మనుషులనూ పరిశీలించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఆయిల్ పామ్ మొక్క నర్సరీలో సుమారు పది నుంచి పన్నెండు నెలలు పెరుగుతుంది. అంతకు మించి సంచుల్లో ఉంచితే ఆకులు సన్నగా సాగిపోతాయి, వేర్లు సంచిని చీల్చుకుని నేలలోకి దిగుతాయి, నాటాక తేరుకోవడం కష్టమవుతుంది. అందుకే మొలక విత్తనాలకు ఆర్డర్ ఇచ్చిన రోజే ప్రాజెక్టులో తొందర మొదలవుతుంది. మొక్కలు సిద్ధమైపోతున్నాయి, వానలు దగ్గర పడుతున్నాయి, సర్వే రిపోర్టు ఇంకా రాలేదని అందరికీ టెన్షన్. ఆ స్థితిలో చేసిన ఏ పరిశీలన అయినా ముందే తీసుకున్న నిర్ణయానికి వేసే ముద్ర మాత్రమే.

పర్యావరణ, సామాజిక పరిశీలనకు విలువ రావాలంటే 'ఇక్కడ తోట వద్దు' అని చెప్పే వీలు చివరి దాకా మిగిలి ఉండాలి. కింద చెప్పబోయే వరుస అంతా ఆ వీలును కాపాడటం కోసమే. కంపెనీ తరఫున పనిచేసేవారికి, రైతు సహకార సంఘాలకు, సర్వే బృందాల్లో ఉండేవారికి, తమ భూమి మీదకి తోట వస్తుందని విన్న ఊరివాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ చెట్టు ఒకసారి నాటితే 25 ఏళ్లకు పైగా ఉంటుంది. తప్పు చేసినా అన్నేళ్లూ ఉంటుంది. ప్రపంచ పామాయిల్‌లో 80 శాతానికి పైగా ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తోంది. అక్కడ నరికిన అడవుల మీద, లాక్కున్న ఊరి భూముల మీద వచ్చిన విమర్శల నేపథ్యంలోనే 2004లో రౌండ్‌టేబుల్ ఆన్ సస్టెయినబుల్ పామ్ ఆయిల్ అనే అంతర్జాతీయ వేదిక ఏర్పడింది. దాన్నే ఆర్‌ఎస్‌పీఓ అంటున్నాం. ఉత్పత్తిదారులు, వ్యాపారులు, బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు అందులో సభ్యులు. కొత్తగా తోటలు వేసే సభ్యులు నేల చదును చేయకముందే కొన్ని అధ్యయనాలు పూర్తిచేసి బయటపెట్టాలనే విధానం 1 జనవరి 2010 నుంచి అమల్లో ఉంది. మీరు సభ్యులు కాకపోయినా ఆ విధానం మంచి చట్రం. నేను కూడా దాదాపు ఆ దారిలోనే వెళ్తాను. అయితే వరుసలో కొన్నిటిని ముందుకు జరుపుతాను.

ఒక మాట ముందే స్పష్టం చేసుకోవాలి. కొత్త తోట అంటే అడవి కొట్టి వేసేది మాత్రమే కాదు. అంతకుముందు ఆయిల్ పామ్ లేని ఏ భూమిలో వేసినా అది కొత్త తోటే. రబ్బరు తీసేసి ఆయిల్ పామ్ వేసినా, పచ్చిక బయలులో వేసినా పరిశీలన తప్పదు. పాత ఆయిల్ పామ్ చెట్లు కొట్టి మళ్లీ అవే నాటితే అది వేరే సంగతి.

మొదటి అడుగు: హద్దు గీయండి, కాగితాలు చదవండి

భూమి హద్దును జీపీఎస్ ఆధారంగా మ్యాపు మీద గీయండి. కాగితంలో ఉన్న విస్తీర్ణం, మ్యాపులో వచ్చిన విస్తీర్ణం సరిపోతున్నాయా చూడండి. రక్షిత అడవి, వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం, గనుల లీజు, పక్కవాళ్ల అనుమతులు, వీటిలో ఏదైనా మీ హద్దు మీదకి వస్తోందా అన్నది ఇక్కడే తేలిపోవాలి.

ప్రభుత్వ అనుమతికీ భూమి మీద హక్కుకీ తేడా ఉంది. ఇండోనేషియాలో గతంలో ఇచ్చిన లొకేషన్ పర్మిట్ అంటే ఆ ప్రాంతంలో భూమి సంపాదించుకునే ప్రయత్నం చేసుకోవచ్చని చెప్పే కాగితమే. అక్కడి మనుషుల హక్కులు దాంతో రద్దు కాలేదు. 2013లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం, ఆదివాసుల సంప్రదాయ అడవులను ప్రభుత్వ అడవులుగా లెక్కకట్టడం కుదరదని తీర్పు చెప్పింది. చాలా దేశాల్లో ఇదే పరిస్థితి: చట్టం ఒకటి చెబుతుంది, ఆచారం మరొకటి చెబుతుంది, రెండూ నిజమే. మీ దగ్గర పర్మిట్ ఉందన్న ధీమాతో ఊళ్లోకి అడుగు పెట్టకండి.

రెండో అడుగు: భూమి గతం చూడండి

ఇది డెస్క్ మీద కూర్చుని చేసే పని. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి అందరికీ ఉచితం. 2015 తర్వాత కాలానికి సెంటినెల్-2 చిత్రాలు పది మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి. వీటితో ఆ భూమిలో ఏ ఏడాది ఏముందో వరుసగా మ్యాపులు తయారుచేయండి.

మూడు తేదీలు దగ్గర పెట్టుకోండి. నవంబర్ 2005: ఆ తర్వాత తగిన అధ్యయనం లేకుండా నరికిన భూమికి ఆర్‌ఎస్‌పీఓ నిబంధనల ప్రకారం నష్టపరిహార బాధ్యత ఉంటుంది. 15 నవంబర్ 2018: ఆ తర్వాత అధిక కార్బన్ నిల్వ ఉన్న అడవిని తోటగా మార్చడం, పీట్ నేలల్లో (నీటిలో మునిగి పేరుకున్న మొక్కల అవశేషాల నేలల్లో) కొత్తగా నాటడం రెండూ నిషిద్ధం. 31 డిసెంబర్ 2020: ఆ తర్వాత అడవి నరికిన భూమి నుంచి వచ్చిన పామాయిల్‌ను తన మార్కెట్‌లోకి రానివ్వకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. ఆ చట్టం కింద నాలుగు హెక్టార్లు దాటిన ప్రతి భూఖండానికీ పూర్తి హద్దు గీత ఇవ్వాలి, ఒక బిందువు చాలదు.

'నేను కొనేనాటికే అడవి లేదు' అనే సమాధానం అంతటా చెల్లదు. పాత యజమాని నరికినా ఆ చరిత్ర భూమితోపాటే మీకు వస్తుంది. కొనే ముందే ఈ మ్యాపులు చేయించుకుంటే ఎంత మంచిదో దీన్నిబట్టి చూడండి.

ఉపగ్రహ చిత్రం మనల్ని మోసం చేసే చోట్లు రెండున్నాయి. పాత రబ్బరు తోట, పండ్ల తోపు పైనుంచి చూస్తే అడవిలాగే కనిపిస్తాయి. అది ఊరివాళ్ల ఆస్తి అయివుండవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం: పోడు సాగులో విశ్రాంతికి వదిలిన భూమి పొదలు పెరిగి ఎవరికీ చెందని బీడులా కనిపిస్తుంది. నిజానికి దానికి యజమాని ఉంటాడు, మళ్లీ దున్నే సంవత్సరం కూడా అనుకుని ఉంటారు. ఖాళీ భూమి అన్న మాట రిపోర్టులో కనిపిస్తే, ఎవరి దృష్టిలో ఖాళీ అని అడగండి.

మూడో అడుగు: బృందాన్ని కూర్చుకోండి

పరిశీలన చేసేవాళ్లు తోట వేసే విభాగం కింద పనిచేసేవాళ్లు కాకూడదు. ఐదో అడుగులో వచ్చే పరిరక్షణ విలువల మదింపుకు లైసెన్సు పొందిన నిపుణుల పద్ధతి 2014 నుంచి ఉంది. వారి రిపోర్టులను బయటివాళ్లు నాణ్యత కోసం పరీక్షిస్తారు కూడా. బృందంలో వృక్షశాస్త్రం తెలిసినవారు, జంతువుల జాడలు గుర్తుపట్టేవారు, నేల నిపుణులు, సామాజిక శాస్త్రం చదివినవారు ఉండాలి. స్థానిక భాష మాట్లాడేవారు కనీసం ఇద్దరు ఉండాలి, అందులో ఒక మహిళ ఉంటే మంచిది. ఊరి ఆడవాళ్లు నీళ్ల గురించి, పేము, పుట్టగొడుగులు, మందు మొక్కల గురించి చెప్పే సంగతులు మగవాళ్ల సమావేశంలో ఎప్పుడూ బయటికి రావు.

నాలుగో అడుగు: మనుషులతో మాట్లాడండి

చాలా ప్రాజెక్టుల్లో ఇది చివర్లో వస్తుంది. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. అడవి సర్వేకు ముందే ఊళ్లోకి వెళ్లాలి. అసలు సర్వే చేయడానికే ఊరి అనుమతి అడగాలి.

దీనికి మూలసూత్రం స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో ఇచ్చే సమ్మతి. ఐక్యరాజ్యసమితి 2007లో ఆమోదించిన ఆదివాసుల హక్కుల ప్రకటనలో ఇది స్పష్టంగా ఉంది. ఆ మూడు మాటల్లో ఒక్కోటీ ఒక్కో పరీక్ష.

స్వేచ్ఛగా అంటే, సమావేశంలో పోలీసులో, అధికారులో, కంపెనీ భద్రతా సిబ్బందో కూర్చుని ఉండకూడదు. కాదన్నవాడికి రోడ్డు రాదు, బడి రాదు అన్న బెదిరింపు ఉండకూడదు. ఊరి పెద్దకు విడిగా డబ్బు ముట్టకూడదు.

ముందుగా అంటే, బుల్డోజర్ రాకముందే, హద్దురాళ్లు పాతకముందే, బ్యాంకు రుణం మంజూరు కాకముందే.

పూర్తి సమాచారం దగ్గరే ఎక్కువ మంది తప్పుతారు. ఉద్యోగాలు వస్తాయని, ఆసుపత్రి కడతామని చెప్పడం సమాచారం కాదు, ప్రచారం. ఊరివాళ్లు తెలుసుకోవలసినవి వేరే ఉన్నాయి. భూమి ఎన్నేళ్లకు పోతుంది? 25, 30, 60? గడువు ముగిశాక భూమి ఎవరికి చేరుతుంది? ఇండోనేషియాలో ఊళ్లు వదులుకున్న భూమి కంపెనీ హక్కు గడువు తీరాక ఊరికి తిరిగి రాదు, ప్రభుత్వానికి చెందుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక అద్దెకు ఇచ్చామనుకుని శాశ్వతంగా వదులుకున్నవాళ్లు చాలామంది. ఇంకా: తోటకు ఏ మందులు చల్లుతారు, అవి ఏ వాగులోకి చేరతాయి? దిగుబడి మొదలయ్యేదాకా, అంటే దాదాపు మూడేళ్లు, కుటుంబం ఏం తింటుంది? అప్పు ఎవరి పేరు మీద ఉంటుంది? మిల్లు గెలలకు ఏ లెక్కన ధర కడుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు వారి భాషలో, కాగితం మీద, ఒప్పందం ప్రతితో సహా వారి చేతిలో పెట్టాలి. సొంతంగా లాయరునో, తమకు నమ్మకమున్న సంస్థనో సంప్రదించుకునేంత సమయం ఇవ్వాలి.

ఆచరణలో ఇలా చేయండి. మొదట ఆ భూమిని ఎవరెవరు వాడుకుంటున్నారో జాబితా రాయండి. పట్టా ఉన్నవాళ్లతో ఆపకండి. కౌలుదారులు, ఏడాదిలో రెండు నెలలు మాత్రమే వచ్చే పశువుల కాపరులు, దిగువ ఊళ్లో అదే వాగు నీళ్లు తాగేవాళ్లు, పని కోసం వలస వెళ్లినవాళ్లు, అందరూ అందులో ఉండాలి. తర్వాత ఊరివాళ్లతో కలిసి నడుస్తూ మ్యాపు గీయండి. శ్మశానాలు, పూజించే చెట్లు, పాత ఊరి ఆనవాళ్లు, ఊటలు, వేట దారులు, పండ్ల చెట్లు అన్నీ అందులోకి రావాలి. పక్క ఊరివాళ్లు కూడా చూసి హద్దు ఒప్పుకున్నాకే ఆ మ్యాపును ఖాయం చేయండి. ఒక ఊరి సమ్మతితో మరో ఊరి భూమి తీసుకున్న తగాదాలు తరాల పాటు సాగుతాయి. ఆ మ్యాపు మీద హక్కు ఊరిదే, ప్రతి వాళ్ల దగ్గర ఉండాలి.

ప్రతి కుటుంబానికీ తిండి పంటలకు ఎంత భూమి కావాలో ఊరివాళ్లతో కూర్చుని లెక్కవేయండి. ఇప్పటి జనాభాకు కాదు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఉండే జనాభాకు. ఆ భూమిని ముందే పక్కన పెట్టి, మిగిలినదాని గురించే మాట్లాడండి.

ఇక దొంగ సమ్మతి ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. భోజనాలు పెట్టిన రోజు తీసుకున్న హాజరు సంతకాలు ఆరు నెలల తర్వాత ఒప్పుదల పత్రం వెనక జతచేసి కనిపిస్తాయి. ఫోటోలో అందరూ నవ్వుతూ ఉంటారు, కానీ ఒక్క ప్రశ్న కూడా మినిట్స్‌లో ఉండదు. సంతకాల్లో ఆడవాళ్లవి ఉండవు. అన్ని ఊళ్ల ఒప్పందాల్లో పదాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. ఇలాంటివి కనిపిస్తే ఆ సమ్మతిని లెక్కలోకి తీసుకోకండి, మళ్లీ మొదలుపెట్టండి. ఎవరైనా 'వద్దు' అన్నారంటే వారి భూమిని మ్యాపులోంచి తీసేయండి. ప్రతి ఆరు నెలలకోసారి వెళ్లి మళ్లీ మళ్లీ అడిగి అలసిపోయేలా చేయడం కూడా బలవంతమే.

సమ్మతి ఒక్కసారి తీసుకుంటే సరిపోదు. సర్వేకు ఒకసారి, ఫలితాలు చూపించాక ఒకసారి, చివరి ఒప్పందానికి ఒకసారి అడగాలి. ఫిర్యాదు చేయడానికి ఒక దారి మొదటి రోజు నుంచే తెరిచి ఉంచాలి. రాయడం రానివాళ్లు నోటితో చెప్పేలా, పేరు బయటపడకుండా చెప్పేలా అది ఉండాలి.

ఐదో అడుగు: ఆరు పరిరక్షణ విలువలు

అధిక పరిరక్షణ విలువ అనే ఆలోచన 1999లో అడవుల ధ్రువీకరణ రంగంలో పుట్టింది. ఇప్పుడు అన్ని పెద్ద పంటలకూ వాడుతున్నారు. ఆరు రకాల విలువలు వెతకాలి: అరుదైన, అంతరించిపోతున్న జీవజాతులు, తెగిపోకుండా విస్తరించిన పెద్ద ప్రకృతి ప్రదేశాలు, అరుదైన ఆవరణ వ్యవస్థలు, నీరు, నేల కాపాడటంలాంటి సేవలు, స్థానికుల బతుకుతెరువుకు తప్పనిసరైన వనరులు, సాంస్కృతికంగా, ఆధ్యాత్మికంగా విలువైన చోట్లు.

చివరి రెండూ నాలుగో అడుగులో గీసిన మ్యాపు నుంచే వస్తాయి. అందుకే దాన్ని ముందుకు తెచ్చాను. పాపువాలో సగ్గు చెట్ల తోపు ఉపగ్రహ చిత్రంలో చిత్తడిగా కనిపించే చోటే. అక్కడివాళ్లకు ఆ చెట్టు బోదె నుంచి తీసే పిండే రోజూ తినే తిండి. అడగకపోతే అది మ్యాపులోకే ఎక్కదు.

జీవజాతుల సర్వే ఒక్క కాలంలో ముగించకండి. ఎండాకాలంలో కనిపించని పక్షి వానల్లో రావచ్చు. జంతువులకు మీ హద్దు ఎక్కడుందో తెలియదు కాబట్టి హద్దు బయట కూడా చూడాలి. బోర్నియోలో ఏనుగుల దారులు తోటలతో తెగిపోయిన చోట అవి లేత ఆయిల్ పామ్ మొక్కలనే తింటాయి. అక్కడ రైతుకూ నష్టం, ఏనుగుకూ ప్రాణగండం. నదీ తీరం వెంట వెడల్పైన అడవి పట్టీని వదిలితే రెండూ తగ్గుతాయి. సుమత్రాలోని తపనూలి ఒరాంగుటాన్‌ను శాస్త్రవేత్తలు వేరే జాతిగా గుర్తించింది 2017లోనే. మనిషంత పెద్ద కోతి జాతి అప్పటిదాకా వేరే పేరుతో చెలామణి అయిందంటే, కొన్ని రోజుల సర్వేలో ఏమీ కనిపించలేదని ఏమీ లేదనుకోవడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. అనుమానం ఉన్నచోట ఉందనే అనుకుని వదిలేయండి.

ఆరో అడుగు: అడవిని కార్బన్ లెక్కన విడగొట్టండి

అధిక కార్బన్ నిల్వ పద్ధతిలో భూమి మీది పచ్చదనాన్ని తరగతులుగా విడదీస్తారు. దట్టమైన, మధ్యస్థ, పలుచని అడవులు, మళ్లీ పెరుగుతున్న లేత అడవి ఒకవైపు. పొదలు, ఖాళీ నేల మరోవైపు. లేత అడవి దాకా ఉన్నవన్నీ అడవి కిందికే వస్తాయి. పొదలు, ఖాళీ నేలలనే తోటకు పరిశీలించవచ్చు. చిత్రాల మీద చేసిన విభజనను క్షేత్రంలో చెట్ల చుట్టుకొలతలు కొలిచి సరిచూడాలి.

చిన్న ముక్కల సంగతి దీంట్లో కీలకం. ముక్క అంచు నుంచి వంద మీటర్లు లోపలికి వదిలి, మిగిలిన నడిభాగం ఎంతో చూస్తారు. అది వంద హెక్టార్లు దాటితే అత్యంత ప్రాధాన్యం, తప్పక కాపాడాలి. పది నుంచి వంద మధ్య ఉంటే మధ్యస్థం. పది కన్నా తక్కువైతే, పెద్ద అడవికి దగ్గరగా ఉందా, రెండు అడవులను కలిపే మెట్టులా పనికొస్తుందా అని చూసి నిర్ణయిస్తారు. చిన్న ముక్కను తోటగా మార్చి, దాని బదులు మరోచోట అడవిని పెంచే వెసులుబాటు కొన్ని సందర్భాల్లో ఉంది. ఆ వెసులుబాటును లాభం చూసుకునే సందుగా వాడకండి. ఊరివాళ్ల పోడు భూములు లేత అడవి తరగతిలో పడినప్పుడు, వాటిని కాపాడే పేరుతో వాళ్లను బయటికి తోయడం కూడా అన్యాయమే. నాలుగో అడుగు మ్యాపును దీని మీద పరిచి చూస్తే ఆ ఘర్షణ ఎక్కడ వస్తుందో ముందే తెలుస్తుంది.

ఏడో అడుగు: నేల

ఇక్కడ పీట్ గురించి వివరంగా చెప్పాలి. వేల ఏళ్లుగా నీటిలో మునిగి, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల అవశేషాలే పీట్ నేల. తవ్వితే నల్లగా, మెత్తగా, పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. ఆయిల్ పామ్ వేయాలంటే కాలువలు తవ్వి నీళ్లు దించాలి. నీళ్లు దిగిన వెంటనే గాలి సోకి ఆ పదార్థం కుళ్లడం మొదలవుతుంది, నేల కుంగుతుంది. ఆగ్నేయాసియాలో కొలిచినవి చూస్తే మొదటి ఐదేళ్లలో మీటరుకు పైగా, తర్వాత ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున కుంగింది. అలా కుంగి కుంగి చివరికి నది మట్టానికి చేరితే నీళ్లు బయటికి పోయే దారే ఉండదు, తోట మునుగుతుంది. ఈలోగా హెక్టారుకు ఏడాదికి సుమారు 40 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందని వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్ ప్రభుత్వ ప్యానెల్ లెక్క కట్టింది.

ఎండిన పీట్ నిప్పంటుకుంటే నేల లోపల వారాల తరబడి మండుతుంది. 2015లో ఇండోనేషియాలో సుమారు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నష్టం దాదాపు 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. పొగ పక్క దేశాలదాకా పాకింది. దీని తర్వాత కూడా లోతు తక్కువ పీట్ అయితే ఫరవాలేదు కదా అనేవాళ్లున్నారు. ఫరవాలేదనుకోకండి. లోతుతో సంబంధం లేకుండా వదిలేయడమే సరైన నియమం.

కాగితపు నేల మ్యాపులు పెద్ద ప్రాంతాలకు మోటుగా గీసినవి, వాటిని నమ్మి ఆగిపోకూడదు. చేతి ఆగర్‌తో క్రమమైన దూరాల్లో గళ్ల పద్ధతిలో రంధ్రాలు వేసి మట్టి తీయండి. పల్లపు చోట్ల ఆ దూరం ఇంకా తగ్గించండి. పై మీటరు లోతులో సగానికి మించి సేంద్రియ పొర ఉండి, ఆ పొరలో సేంద్రియ పదార్థం 35 శాతం దాటితే దాన్ని పీట్ కింద లెక్కించండి. తీర ప్రాంతాల్లో గాలి సోకితే ఆమ్లంగా మారే సల్ఫేట్ నేలలు ఉంటాయి, వాటినీ గుర్తించండి. కాలువ తవ్వితే ఆ ఆమ్లం దిగువ చేపలను చంపుతుంది.

వాలు 25 డిగ్రీలు దాటిన చోట నాటకండి. అక్కడ మట్టి నిలవదు, గెలలు కోసేవాడికీ ప్రమాదం.

ఎనిమిదో అడుగు: నీరు

ప్రతి వాగునూ, ఊటనూ, ఏడాదిలో కొన్ని నెలలే పారే వాటిని కూడా మ్యాపు చేయండి. వాగు వెడల్పును బట్టి ఒడ్డున సహజ వృక్షాలతో పట్టీ వదలాలి. ఐదు నుంచి పది మీటర్ల వాగుకు ఇరువైపులా పది మీటర్లు, 20 నుంచి 40 మీటర్ల నదికి 40 మీటర్లు అనేది వాడుకలో ఉన్న కనీస కొలత. వన్యప్రాణులు తిరిగే చోట ఇది చాలదు. తోట రాకముందే నీటి నాణ్యతను వేర్వేరు కాలాల్లో పరీక్షించి రాసి పెట్టండి. లేకపోతే ఐదేళ్ల తర్వాత నీళ్లు పాడయ్యాయని ఎవరైనా అంటే, నిజమో కాదో తేల్చే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.

మిల్లు స్థలం కూడా ఇప్పుడే ఆలోచించాలి. గెలలు కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది, కాబట్టి మిల్లు తోట దగ్గరే వస్తుంది. దాని వ్యర్థజలంలో సేంద్రియ భారం చాలా ఎక్కువ, లీటరుకు సుమారు 25,000 మిల్లీగ్రాముల జీవరసాయన ఆక్సిజన్ అవసరం ఉంటుంది, అంటే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోంచి అంత ఆక్సిజన్‌ను లాగేస్తాయి. శుద్ధి చెరువులు వరద మట్టానికి పైన, ఊరి నీటి వనరుకు దిగువన ఉండేలా చోటు చూడండి.

తొమ్మిదో అడుగు: తోట వచ్చాక బతుకులు ఎలా మారతాయి

సామాజిక ప్రభావ అధ్యయనంలో ఉద్యోగాల సంఖ్య రాసి ఊరుకోవడం పరిపాటి. ఆ ఉద్యోగాలు ఎవరికి వస్తాయి, స్థానికులకా, బయటి నుంచి తెచ్చే వలస కార్మికులకా? వలసవాళ్లు వస్తే ఉద్యోగం కోసం దళారీకి అప్పు పడి వస్తున్నారా? పాస్‌పోర్టులు ఎవరి దగ్గర ఉంటాయి? మందులు చల్లే పని ఎక్కువగా ఆడవాళ్లకే ఇస్తారు కాబట్టి, గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఆ పని తప్పించే ఏర్పాటు ఏమిటి? గెలల లెక్కన కూలీ ఇస్తే, లెక్క పూర్తికావడానికి పిల్లలను తోడు తెచ్చుకునే పరిస్థితి వస్తుందా? నివాసాలు, తాగునీరు, బడి, వైద్యం ఎవరి బాధ్యత? చుట్టుపక్కల రైతులను ఒప్పందం మీద తోట వేయిస్తే వాళ్ల అప్పు తీరడానికి ఎన్నేళ్లు, దిగుబడి తగ్గితే ఏం జరుగుతుంది? ప్రతి ప్రశ్నకూ ఒక పేరు, ఒక బడ్జెట్, ఒక గడువు రాయించండి.

వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు ఎంత వెలువడతాయన్న లెక్క కూడా ఈ దశలోనే వేస్తారు. తోట ఏ ఆకారంలో వస్తే ఎంత కార్బన్ పోతుంది, ఎంత నిలుస్తుందని రెండు మూడు ప్రత్యామ్నాయాలు పోల్చి, తక్కువదాన్ని ఎంచుకోవాలి.

పదో అడుగు: మ్యాపులన్నీ ఒకదాని మీద ఒకటి పరచండి

ఇప్పుడు మీ దగ్గర హక్కుల మ్యాపు, ఆహార భూముల మ్యాపు, పరిరక్షణ విలువలు, అడవి తరగతులు, నేలలు, వాలు, నీరు ఉన్నాయి. ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి నాటగలిగిన భూమి తేలుతుంది. పదివేల హెక్టార్లనుకున్నది నాలుగువేలకు దిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

అప్పుడే అసలు లెక్క వేయాలి. గంటకు 30 టన్నుల గెలలు ఆడే మిల్లు రోజుకు 20 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 1,80,000 టన్నులు కావాలి. హెక్టారుకు 20 టన్నులు వచ్చినా అందుకు 9,000 హెక్టార్లు కావాలి. మీకు నాలుగువేలే ఉంటే మిగిలిన గెలలు ఎక్కడి నుంచి వస్తాయి? చుట్టుపక్కల నుంచి. అంటే మీ హద్దులో అడవిని కాపాడి, మిల్లు ఆకలి కోసం హద్దు బయట అడవి పోవడానికి కారణమవుతారు. ఈ లెక్క ఏ అధ్యయనంలోనూ తనంతట తాను కనిపించదు, అడిగి వేయించుకోవాలి. చిన్న మిల్లు సరిపోతుందా, ఇప్పటికే ఉన్న మిల్లుకు గెలలు పంపవచ్చా, లేక ప్రాజెక్టునే మానుకోవాలా? మానుకునేలా ఉంటే ఇప్పుడే మానుకోవడం చవక. విత్తనాలకు ఆర్డర్ ఈ నిర్ణయం తర్వాతే, తేలిన హెక్టార్లకు తగినంతే ఇవ్వండి.

రెండు మూడు హెక్టార్ల సన్నకారు రైతు నుంచి ఇదంతా ఆశించడం తగదు. వాళ్లకు సులభమైన పద్ధతి చాలు: అడవి కాదు, పీట్ కాదు, నిటారు వాలు కాదు, తగాదా లేదు అని సంఘం ద్వారా సరిచూడటం. ఆ ఖర్చు గెలలు కొనే మిల్లే పెట్టుకోవాలి.

పదకొండో అడుగు: బయటపెట్టండి

రిపోర్టుల సారాంశాన్ని, మ్యాపులను స్వతంత్ర ఆడిటర్ సరిచూశాక అందరి ముందూ పెట్టాలి. ఆర్‌ఎస్‌పీఓ విధానంలో 30 రోజులు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ గడువు ముగిసి, వచ్చిన అభ్యంతరాలు తేలేదాకా ఒక్క చెట్టూ కొట్టకూడదు. ఇంగ్లీషు పీడీఎఫ్ ఒకటి ఆన్‌లైన్‌లో పెడితే చాలదు. ఊళ్లో గోడకు పెద్ద మ్యాపు అతికించండి, వాళ్ల భాషలో చదివి వినిపించండి.

అభ్యంతరం చెప్పదలచుకున్న ఊరివాళ్లకు ఒక సూచన. మ్యాపులో మీ వాగు, మీ శ్మశానం, మీ పండ్ల తోపు ఉన్నాయో లేదో ముందు చూడండి. లేకపోతే ఫోటో, జీపీఎస్ బిందువు, ఎవరు ఎప్పటి నుంచి వాడుతున్నారన్న వివరంతో రాతపూర్వకంగా పంపి, ప్రతి దాచుకోండి.

పన్నెండో అడుగు: యంత్రం దిగే ముందు

ఎంత మంచి మ్యాపు అయినా ట్రాక్టరు నడిపేవాడికి తెలియకపోతే దండగ. వదిలేయాల్సిన భూమి హద్దు వెంట చెట్లకు రంగు పట్టీలు వేయండి, బోర్డులు పాతండి. ఆ పని ఊరివాళ్లతో కలిసి చేయండి, వాళ్లకు ఏది ఎక్కడ ఉందో బాగా తెలుసు. నేల చదును కాంట్రాక్టును హెక్టార్ల లెక్కన ఇస్తే కాంట్రాక్టరు హద్దు దాటడానికి ఆశపడతాడు. హద్దు దాటితే జరిమానా అని ఒప్పందంలోనే రాయండి. నిప్పు పెట్టి శుభ్రం చేయడం పూర్తిగా నిషేధించండి. ఒక్కసారిగా మొత్తం చదును చేయకుండా ముక్కలుగా చేస్తూ, ప్రతి ముక్క తర్వాత ఆగి డ్రోన్ చిత్రంతో హద్దు సరిచూడండి.

ఆపరేటర్లను యంత్రం ఎక్కకముందే తీసుకెళ్లి ఆ హద్దు వెంట నడిపించండి. పొరపాటున వాగు మీదకో, సమాధి మీదకో వచ్చినట్టు అనుమానం కలిగితే ఎవరినీ అడగకుండా అక్కడికక్కడే ఇంజన్ ఆపే అధికారం తనకు ఉందని, ఆపినందుకు ఆ రోజు కూలీ పోదని ప్రతి ఆపరేటర్‌కూ రాసి ఇవ్వండి.